ఆర్డుయినో స్టార్టర్ కిట్: మా బడి అమ్మాయిల చేతుల్లో ఒక విద్యా సంవత్సరం

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిది, పది తరగతుల అమ్మాయిల కోసం గత ఏడాది ఆర్డుయినో ఊనో (మనం రాసిన ప్రోగ్రామ్ ప్రకారం దీపాలను, సెన్సర్లను నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) తరహా బోర్డు ఉండే స్టార్టర్ కిట్లను ఒక్కొక్కటి రూ.1,850 చొప్పున ఆరు తెప్పించి, జూలై నుంచి మార్చి దాకా వారానికి రెండు సాయంత్రాలు వాడించాను. ఇలాంటిది కొనాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న ఉపాధ్యాయులకూ ఆడపిల్లల తల్లిదండ్రులకూ పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆరు ఎందుకన్నది ముందు చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఒక్కటే కొని, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసిన ఎనిమిది మంది జట్టుకు ఇచ్చాను. ఎవరూ చెప్పకుండానే మొదటి వారంలోనే పని రెండుగా చీలిపోయింది: వైర్లు గుచ్చడం అబ్బాయిలది, రికార్డు రాయడం, పటం గీయడం అమ్మాయిలది. సైన్స్ ఫెయిర్ రోజున ఒక అమ్మాయిని ఈ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందని అడిగితే, తాను ముచ్చటగా గీసిన పటాన్ని చూపించి వివరించింది గాని బోర్డు మీద వేలు పెట్టలేదు. లోపం కిట్‌లో లేదు, నేను దాన్ని పంచిన తీరులో ఉంది. అందుకే ఈసారి ఖరీదైన పెద్ద కిట్ ఒకటి కొనే బదులు చవకవి ఆరు కొని, ఇద్దరు అమ్మాయిలకు ఒకటి ఇచ్చాను. ఇద్దరే ఉన్నప్పుడు ఎవరి చేయీ ఖాళీగా ఉండే వీలు లేదు.

ధర ఇంత తక్కువగా ఉండటానికి కారణం ఉంది. 2005లో ఇటలీలోని ఇవ్రెయా పట్టణంలో పుట్టిన ఈ బోర్డు నమూనాను దాని రూపకర్తలు అందరికీ అందుబాటులో ఉంచారు కాబట్టి ఎవరైనా తయారు చేసి అమ్మవచ్చు. మాకు వచ్చినవి అలాంటి బోర్డులే. కంప్యూటర్‌తో మాట్లాడే చిప్ వీటిలో వేరేది ఉండటంతో, దానికి తగిన డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ వేసేదాకా మా బడి ల్యాప్‌టాప్‌లలో రెండు బోర్డును గుర్తించనేలేదు. ఒక సాయంత్రం మొత్తం దానికే పోయింది. అమ్మినవారు ఒక చిన్న కాగితం మీద ఆ మాట రాసి పెట్టెలో పెట్టి ఉంటే సరిపోయేది.

మొదటి ప్రయోగం అందరూ చేసేదే, ఎల్‌ఈడీ వెలిగించడం. బోర్డు ఇచ్చే 5 వోల్టులలో ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటే మిగిలిన 3 వోల్టులు 220 ఓమ్‌ల నిరోధకం మీద పడతాయి, కాబట్టి సుమారు 14 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు పారుతుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఓమ్ నియమంతో, తాము పెట్టిన దీపం కాలిపోకుండా ఉండటానికి ఎంత నిరోధకం కావాలో లెక్కగట్టుకోవడం పిల్లలకు అదే మొదటిసారి. కిట్ మీద నా మొదటి ఫిర్యాదు కూడా ఇక్కడే. నిరోధకం విలువను దాని మీది రంగు పట్టీలను బట్టి చదవాలి. పుస్తకాల్లో తరచుగా కనిపించేవి నాలుగు రంగు పట్టీల నిరోధకాలైతే, పెట్టెలో ఉన్నవి ఐదు పట్టీలవి. నీలి ఒంటి మీద గోధుమ రంగేదో ఎరుపేదో పోల్చుకోవడం పెద్దలకే కష్టం. నిరోధాన్ని, వోల్టులను కొలిచే మల్టీమీటరు కిట్‌లో రాదు, విడిగా కొనక తప్పదు.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఎల్‌ఎమ్35 అనే ఉష్ణోగ్రత సెన్సర్. చిటికెన వేలి గోరంత ఉండే దాని చదునైన ముఖం మనవైపు పెడితే ఎడమ కాలు 5 వోల్టులకు, మధ్యది బోర్డు రీడింగు తీసుకునే పిన్నుకు, కుడిది గ్రౌండుకు కలపాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు దాన్ని తిప్పి గుచ్చి, "మేడమ్, ఇది కాలుతోంది" అని వేలు వెనక్కి లాక్కుంది. సెన్సర్ పోయింది. కిట్‌కు ఒక్కటే వస్తుంది, అదనంగా ఇవ్వరు. పక్క జట్టు నుంచి అరువు తెచ్చుకుని ఈసారి కాళ్లను మూడుసార్లు సరిచూసుకుని గుచ్చింది. రేకుల గదిలో మధ్యాహ్నం రెండు గంటలకు తెర మీద 84 అని పడితే, పక్కనున్న అమ్మాయి అది డిగ్రీలనుకుని భయపడింది. ఈ అమ్మాయి మాత్రం కాగితం తీసుకుని లెక్క వేసింది. బోర్డు 5 వోల్టులను 1,024 మెట్లుగా విడగొడుతుంది, ఒక మెట్టు 4.88 మిల్లీవోల్టులు, 84 మెట్లకు 410 మిల్లీవోల్టులు, ప్రతి డిగ్రీకి 10 మిల్లీవోల్టులు, అంటే 41 డిగ్రీలు. ఆ తర్వాత అడగకుండానే శ్లాబు గదికి వెళ్లి అక్కడా కొలిచి, రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకుని వచ్చింది. సెన్సర్ కాల్చిన పిల్ల తర్వాతి వారం మిగతా వాళ్లకు కాళ్లు గుర్తుపట్టడం నేర్పుతూ కనిపించింది.

సూచనల పుస్తకం నిరాశపరిచింది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే ఇంగ్లిష్ పీడీఎఫ్ తప్ప మరేమీ లేదు, అందులోనూ పటాలు మసకగా ఉన్నాయి. మేం ప్రతి ప్రోగ్రామ్‌లో ఏ వరుస ఏం చేస్తుందో వివరించే వ్యాఖ్యలను తెలుగులోనే టైప్ చేయించాం. బోర్డు వాటిని పట్టించుకోదు కాబట్టి ఏ భాషలో రాసినా పని ఆగదు. ఇంగ్లిష్ మాధ్యమం నిరుడే మొదలైన పిల్లలకు ఇది ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఇంట్లో కిట్ లేనివారు టింకర్‌క్యాడ్ అనే ఉచిత సైటులో ఇలాంటి వలయాలను తెర మీద కలిపి చూసుకోవచ్చు, అయితే అక్కడ వేలు కాలదు.

తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి, దీనివల్ల మార్కులు వస్తాయా అని అడిగారు. నేరుగా రావని చెప్పాను. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరవచ్చని, ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల ఇంజినీరింగ్ ఉందని, ఏటా రూ.8 లక్షలు మించని ఆదాయమున్న కుటుంబాల అమ్మాయిలకు సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి ఉపకారవేతన పథకం కింద ఎంపికైతే ఏడాదికి రూ.50,000 అందుతుందని కూడా చెప్పాను. ఆజాదీశాట్ సంగతి పిల్లలే ఆయనకు చెప్పారు. 75 బడులకు చెందిన 750 మంది అమ్మాయిలు పాలుపంచుకున్న ఆ ఉపగ్రహం 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి బయలుదేరి, రాకెట్ సరైన కక్ష్యలో పెట్టలేకపోవడంతో పోయింది. దాని తర్వాతిది 2023 ఫిబ్రవరి 10న కక్ష్యకు చేరింది. పోయిన సెన్సర్ల లెక్క అడిగినప్పుడల్లా మా పిల్లలు నాకు ఆ రాకెట్‌నే గుర్తుచేస్తారు.

బోర్డుకు ఐదుకు నాలుగున్నర, పెట్టెలో ఉన్న మిగతా సరంజామాకు మూడు, సూచనల పుస్తకానికి ఒకటి ఇస్తాను. కొనేవారు ఒక మల్టీమీటరు, కిట్‌కు మూడేసి ఎల్‌ఎమ్35లు అదనంగా తెప్పించుకోవాలి. సంక్రాంతి సెలవులకు కిట్లను ఇళ్లకు పంపాను. ఆరూ తిరిగి వచ్చాయి, ఒకదానిలో భాగాలను కలిపే జంపర్ వైర్లు తగ్గాయి. ఏమయ్యాయంటే, వాళ్ల నాన్నగారి టార్చిలైటు బాగుచేయడానికి వాడానని ఆ అమ్మాయి చెప్పింది.