పెళ్లికొడుక్కి పంపే బొమ్మ: 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్'

ఫ్రెంచ్ దర్శకురాలు సెలీన్ సియామా రాసి తీసిన ఈ చిత్రం 2019 కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి అందుకుంది. కథ 1770 నాటిది, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో ఒక దీవి మీద జరుగుతుంది. కాన్వెంటు నుంచి ఇంటికి రప్పించిన ఎలోయీజ్‌కు ఇటలీలోని మిలాన్ సంబంధం ఖాయమైంది. నిజానికి అది అక్కకు కుదిరిన సంబంధం; అక్క కొండ అంచు నుంచి పడి చనిపోవడంతో చెల్లెలి మెడకు చుట్టుకుంది. అమ్మాయి చిత్తరువు మిలాన్ చేరితే గానీ పెళ్లి ముందుకు సాగదు. ఎలోయీజ్ బొమ్మకు కూర్చోనంటుంది కాబట్టి, తల్లి మరియాన్ అనే చిత్రకారిణిని పిలిపించి, వాహ్యాళికి తోడుగా వచ్చిన మనిషని కూతురికి చెప్పి, రహస్యంగా గీయమంటుంది.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఫోటో స్టూడియో నడుపుతున్న నాకు ఈ పరిస్థితి పరాయిదిగా తోచలేదు. సంబంధాలకు పంపే ఫోటోల కోసం మా దగ్గరికి అమ్మాయిలు వస్తూనే ఉంటారు. వెంట వచ్చిన పెద్దమ్మో మేనత్తో "గడ్డం కొంచెం దించమ్మా, నవ్వీ నవ్వనట్టు ఉండు" అని పక్కనుంచి చెబుతూనే ఉంటుంది. ఆ ఫోటో బెంగళూరుకో బళ్లారికో వెళుతుంది. అవతలివాళ్లు ఏమన్నారని అందరూ అడుగుతారే తప్ప, లైట్ల ఎదుట కూర్చున్న పిల్లకు ఇదంతా ఎలా కనబడిందని అడిగేవారు ఉండరు. సియామా సినిమా మొత్తం ఆ అడగని ప్రశ్న మీదే నిలబడింది.

మరియాన్ దొంగచాటుగా పూర్తి చేసిన మొదటి బొమ్మను ఎలోయీజ్ చూసి, ఇందులో నేను లేనంటుంది. మరియాన్ ఆ ముఖాన్ని గుడ్డతో తుడిచేస్తుంది. అప్పుడు ఎలోయీజ్ తనంతట తానే కూర్చోవడానికి ఒప్పుకుంటుంది. తల్లి అయిదు రోజులు ఊరు వెళుతుంది. ఆ రోజుల్లో వచ్చే ఒక సన్నివేశం కోసమైనా ఈ సినిమా చూడాలి. సిగ్గుపడితే మీరు పెదవి కొరుకుతారు, చిరాకు వస్తే రెప్ప వేయరు అని మరియాన్ తన పరిశీలనను వినిపిస్తుంది. ఎలోయీజ్ ఆమెను తన పక్కకు పిలిచి, మాట తోచనప్పుడు మీరు నుదురు తాకుతారు, కలవరపడితే నోటితో ఊపిరి తీస్తారు అని బదులు చెబుతుంది. మీరు నన్ను చూస్తున్నంతసేపూ నేను ఎవరిని చూస్తున్నానని అడుగుతుంది. ప్రేమ మొదలైందని ఎవరూ చెప్పనవసరం లేకుండా, మరియాన్‌గా నటించిన నొయెమీ మెర్లాన్ ముఖంలో ఆ క్షణం కలిగే తడబాటే చెబుతుంది. ఎలోయీజ్‌గా అడెల్ ఎనెల్ కోపం నుంచి నవ్వు దాకా వచ్చే తీరు కూడా అంతే నెమ్మది, అంతే నమ్మదగినది.

ఛాయాగ్రాహకురాలు క్లేర్ మతోన్ పనితనం గురించి వృత్తిరీత్యా ఒక మాట చెప్పాలి. కొవ్వొత్తుల గదుల్లో కూడా ముఖాల మీద ముదురు నీడలు పడవు. వెలుగు చర్మం లోపలినుంచే వస్తున్నట్టు ఉంటుంది. దానిని సాధించడం ఎంత కష్టమో లైట్లతో పనిచేసేవారికి తెలుసు. నేపథ్య సంగీతం దాదాపు లేదు. బొగ్గు కాగితం మీద గీసుకునే చప్పుడు, మంట చిటపటలు వినిపిస్తాయి. అందువల్లనే చలిమంట చుట్టూ స్త్రీలు పాడే పాట, చివర వచ్చే ఇటాలియన్ స్వరకర్త వివాల్డి సంగీతం అంత బలంగా తాకుతాయి.

ఇందులో తిట్టే తండ్రి లేడు, శిక్షించే న్యాయస్థానం లేదు. వీరిద్దరి మధ్య అడ్డు నిలిచేది కుదిరిన సంబంధం ఒక్కటే. మన దేశంలో 2018లో సుప్రీంకోర్టు ఇటువంటి ప్రేమ నేరం కాదన్నది, 2023లో వివాహ హక్కు మాత్రం చట్టసభల పనికే వదిలింది. కానీ మన ఇళ్లలో అమ్మాయిలకు మొదట ఎదురయ్యేది చట్టం కాదు, సంబంధమే అని నా నమ్మకం; అందుకే ఈ కథ ఇక్కడివారికి సులువుగా అర్థమవుతుంది. పనిపిల్ల సోఫీ గర్భం తీయించుకునే ఘట్టాన్ని దాచకుండా, రెచ్చగొట్టకుండా చూపడం నాకు ఎంతో గౌరవం కలిగించింది.

లోపాలు లేకపోలేదు. తెల్లని పెళ్లిదుస్తుల్లో ఎలోయీజ్ నీడలా కనిపించే దృశ్యాలు జరగబోయేదాన్ని అవసరానికి మించి ముందే చెప్పేస్తాయి. మొదటి అరగంట నిదానంగా సాగుతుంది. నగ్నత్వం ఉంది కనుక పిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదు. సబ్‌టైటిల్స్ చదువుకోవలసి వచ్చినా సరే, ఫోన్‌లో కాకుండా టీవీలో, రాత్రి వేళ గది లైట్లు తీసేసి చూడండి. పగటి వెలుతురులో ఆ కొవ్వొత్తి రంగులు సగం కనబడవు.