కొత్త ట్యాబ్‌లోకి ఫోన్ మొత్తం ఎక్కించాలా, ఖాళీగా మొదలుపెట్టాలా: ఏది మేలు?

హన్మకొండ చౌరస్తాలో ట్యాబ్ కొని డబ్బా విప్పించామంటే, కౌంటర్ దగ్గరి పిల్లగాడు అడిగే మాట ఒకటుంది: "అన్నా, ఫోన్ల ఉన్నదంతా దీంట్లకు ఎక్కియ్యాల్నా?" చాలామంది "ఎక్కియ్యి తమ్మీ" అని అక్కడికక్కడే ఒప్పేసుకుంటారు. ఆ పని షాపులో నిలబడి చేయించుకోవద్దు. ఇంటికి తెచ్చుకుని, వై-ఫై దగ్గర కూర్చుని, తీరిగ్గా చేసుకోవాల్సిన పని అది.

నా మాట ముందే చెప్తాను. పాత ట్యాబ్ పోయి కొత్త ట్యాబ్ తెచ్చుకున్నవాళ్లకు కాపీ చేసుకోవడమే మేలు. ఫోన్ ఉండగా మొదటిసారి ట్యాబ్ కొన్నవాళ్లకు మాత్రం ఖాళీగా మొదలుపెట్టడం మేలు. మన దగ్గర ఎక్కువ మంది ఈ రెండో రకమే.

కాపీ చేస్తే ఏమొస్తాయో చూడండి. యాప్‌లు, కాంటాక్టులు, మెసేజ్‌లు, ఫొటోలు, చాలా సెట్టింగ్‌లు వస్తాయి. మనకు గట్టిగా కావాల్సినవే రావు. బ్యాంకు యాప్ గుర్తు వచ్చి తెర మీద కూర్చుంటుంది, తెరిస్తే మళ్లీ మొదటి నుంచి నమోదు చేసుకోమంటుంది. యూపీఐ సంగతి ఇంకా కష్టం. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ పరికరంలోనే ఉండాలి, దాంట్లోంచే ఎస్సెమ్మెస్ వెళ్లాలి. సిమ్ లేని ట్యాబ్‌లో ఆ పని జరగదు. జరగకపోవడమే మంచిదని నేనంటాను. పిల్లల చేతుల్లో తిరిగే వస్తువులో డబ్బుల యాప్ ఎందుకు?

వాట్సాప్‌కైతే కాపీ అక్కరే లేదు. ఫోన్‌లో 'లింక్డ్ డివైజెస్' తెరిచి, ట్యాబ్ మీద కనిపించే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు, అదే నంబరు రెండుచోట్లా నడుస్తుంది. ఫోన్ కాక ఇంకో 4 పరికరాల దాకా ఇలా కలుపుకోవచ్చు. ఫోన్‌లో మాత్రం వాట్సాప్ వాడుతూ ఉండాలి. 14 రోజులు తెరవకపోతే ట్యాబ్‌లోది తెగిపోతుంది. ఐప్యాడ్‌కు వాట్సాప్ సొంత యాప్ 2025లో గానీ రాలేదు. ఇప్పుడు అక్కడా ఇదే పద్ధతి.

జాగా సంగతీ ఉంది. 64 జీబీ ట్యాబ్‌లో సిస్టమ్ తన వాటా తీసుకున్నాక మిగిలేదాంట్లో ఫోన్‌లోని శుభోదయం బొమ్మలు, పెండ్లి వీడియోలు అన్నీ వచ్చి పడితే, పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుందామన్న నాటికి చోటుండదు. మెమరీ కార్డు వేయొచ్చు కదా అంటారు. వీడియోలకు, పీడీఎఫ్‌లకు పనికొస్తుంది గానీ యాప్‌లు చాలావరకు లోపలి స్టోరేజీలోనే ఉంటాయి. కొనేటప్పుడే 128 జీబీది తీసుకోగలిగితే ఈ బాధ సగం తగ్గుతుంది.

ఇక కాపీనే మేలన్న మొదటి రకం వాళ్లకు ఒక హెచ్చరిక. పాత ఆండ్రాయిడ్ ట్యాబ్ పాడై మూలన పడి ఉంటే, దాని గూగుల్ బ్యాకప్, అంటే గూగుల్ ఖాతాలో దాచి ఉంచిన కాపీ, ఎప్పటికీ ఉంటుందనుకోవద్దు. పరికరం 57 రోజులు వాడకుండా ఉంటే ఆ బ్యాకప్‌కు గడువు తీరిపోవచ్చు. కొత్తది కొనాలనుకుంటే తొందరగా కొని, ముందు దాంట్లోకి దించుకోండి. పాతదాన్ని ఎవరికైనా అమ్ముతుంటే, రీసెట్ కొట్టే ముందు సెట్టింగ్‌లలోంచి మీ ఖాతా తీసేయండి. తీయకుండా, సెట్టింగ్‌లలోకి పోకుండా బటన్లు నొక్కి బయటి నుంచి రీసెట్ చేస్తే, కొన్నవాళ్లను మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. సెకండ్ హ్యాండ్‌ది కొనేవాళ్లూ ఇది షాపులోనే చూసుకోవాలి.

ఖాళీగానే మొదలుపెడదాం, మరి ఎవరి ఖాతాతో? అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. బాపు జీమెయిల్‌తో తెరిచి ఇల్లంతా వాడుకోవడం అందరూ చేసే పని. దాంతో చిన్నదాని కార్టూన్లు బాపు యూట్యూబ్‌లోకి, బాపు చూసే చర్చలు చిన్నదాని ముందుకు వస్తాయి. ప్లే స్టోర్‌లో కార్డు ఎక్కించి ఉంటే, ఆటలో ఏదో నొక్కితే డబ్బులు పోయే భయం కూడా. ట్యాబ్ ముఖ్యంగా బడికి పోయే పిల్లల కోసమైతే, గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్‌తో పిల్లల ఖాతా చేసి, మొదటి రోజే దానితో తెరవండి. రోజుకు ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఆగాలి, ఏ యాప్ వేసుకోవచ్చు అనేవి మీ ఫోన్‌లోంచే నడపొచ్చు. ఎప్‌సెట్‌కు చదివే ఇంటర్ పిల్లలకు ఇంత కట్టడి వద్దు. వాళ్లకు సొంత ఖాతా, నోటిఫికేషన్లు ఆపేసిన తెర చాలు.

ఇంట్లో అందరిదీ అయితే ఆండ్రాయిడే మేలు. చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఒక్కొక్కరికి వేరే యూజర్‌ను పెట్టుకోవచ్చు, ఎవరి యాప్‌లు వాళ్లవి, ఎవరి తెర వాళ్లది. కొన్ని కంపెనీలు ఈ సౌకర్యం తీసేస్తాయి కాబట్టి కొనేముందు సెట్టింగ్‌లలో 'యూజర్స్' ఉందో లేదో చూపించమనండి. ఐప్యాడ్‌లో ఇళ్లకు ఇది లేదు, బడులకూ సంస్థలకూ మాత్రమే ఇస్తారు. ఒక్కరే వాడే ట్యాబ్‌కు ఐప్యాడ్ చక్కటిదే, కాదనను.

వై-ఫైదా, సిమ్‌దా? హన్మకొండ, కాజీపేటలో ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లకు వై-ఫైది చాలు, బయటికి పోయినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఉంది. ములుగు, ఏటూరునాగారం వైపు తిరిగేవాళ్లు సిమ్‌ది తీసుకోవాలి. ఇందుకు ఇంకో కారణముంది. వై-ఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. మేడారం జాతరకు పోతూ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా, సిగ్నల్ లేని అడవి దారిలో మనమెక్కడున్నామో అది చెప్పలేదు.

ఖాతా పెట్టగానే చేయాల్సిన పని అప్‌డేట్. దీన్ని వాయిదా వేయొద్దు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' ఉన్న ఒక అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో, ఐప్యాడ్‌లలో యాప్‌లు కుప్పకూలాయి. అది మన తెలుగు అక్షరమే. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం, తెలుగు రాయడం. ఇంత పెద్ద తెర కొనుక్కుని కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో 'బాగున్నవా' అని రాసుకోవడం నాకు బాధగా ఉంటుంది. గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డ్ సెట్టింగ్‌లలో భాషలకు పోయి తెలుగు కలిపితే మూడు దారులు కనిపిస్తాయి: ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగయ్యేది, తెలుగు అక్షరాలే కనిపించేది, చేత్తో రాసేది. నోటితో చెప్పి రాయించే మైకు వీటికి అదనం.

ఇంగ్లిష్ అక్షరాలతో 'వరంగల్' రాయాలంటే ఎనిమిది కొట్టాలి, పైన వచ్చే మాటల్లోంచి సరైనది ఎంచుకోవాలి. తెలుగు అక్షరాల కీబోర్డులో వ, ర, సున్న, గ, ల, పొల్లు: ఆరుతో అయిపోతుంది, ఎంచుకునేది ఏమీ లేదు. ఇంగ్లిష్‌లో 'న'కు, 'ణ'కు ఒకే అక్షరం, 'ల'కు, 'ళ'కు ఒకే అక్షరం. అందుకే 'పెళ్లి' కాస్తా 'పెల్లి' అయి కూర్చుంటుంది. మొదటి వారం చేతికి కష్టమనిపించినా, రోజూ రాసేవాళ్లకు తెలుగు అక్షరాల కీబోర్డే మేలు. కంప్యూటర్ మీద ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకున్నవాళ్లకు ఆ అమరిక ఇచ్చే యాప్‌లు విడిగా దొరుకుతాయి. 1986 నాటి ఆ అమరికలో భారతీయ లిపులన్నిటికీ దాదాపు ఒకే చోట్లు.

అవ్వకు, తాతకు అయితే చేతిరాత. ఫోన్ మీద వేలితో రాయడం ఇరుకు, ట్యాబ్ మీద పలక మీద రాసినట్టే. 'క్ష్మి' లాంటి ఒత్తుల దగ్గర నిదానంగా రాయాలి, మిగతాది బాగానే గుర్తుపడుతుంది. మైకు వేగం ఎక్కువ, కానీ మన మాటలకు అది తడబడుతుంది. 'గట్లనే', 'తోల్కపో', 'ఎటువోతున్నవ్' అంటే పుస్తకాల తెలుగులోకి తిప్పడానికి చూస్తుంది. అలాంటి మాటలు టైప్ చేసుకోవడమే మేలు, దానికి సాయం జీబోర్డ్‌లోని పర్సనల్ డిక్షనరీ. అక్కడ తెలుగు ఎంచుకుని మన మాటలు ఒక్కొక్కటే ఎక్కించండి, పక్కన చిన్న షార్ట్‌కట్ పెట్టండి. ఇంటి పేర్లు, ఊరి పేర్లు కూడా. టైప్ చేసేటప్పుడు అవి పైన సూచనల్లోకి వస్తాయి.

మెనూలు తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా అంటే, ఎవరు చదవాలో వాళ్ల భాషలో. ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్‌కో భాష పెట్టే వీలుంది. సిస్టమ్ ఇంగ్లిష్‌లో ఉంచి అవ్వ వాడే యాప్‌లు మాత్రం తెలుగులో పెట్టొచ్చు, ఆ యాప్‌లో ఆ వీలు ఇచ్చి ఉంటే.

డీటీపీ సెంటర్లో శుభలేఖో, సంఘం కరపత్రమో కొట్టించుకునేవాళ్లు పీడీఎఫ్ అడిగి తెచ్చుకోండి. అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన ఫైలు అలాగే పంపితే ట్యాబ్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. దాంట్లో మీరే మార్పులు చేసుకోవాలంటే ముందు యూనికోడ్‌లోకి, అంటే ఏ పరికరంలోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి, మార్పించి ఇమ్మనండి.