గాంధీ రోడ్డు సందులో డీటీపీ షాపు: నాలుగున్నర స్టార్లు

బోర్డు మీద పెయింటు ఊడిపోయింది, పేరు కనపడదు. తిరుపతి గాంధీ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో పూలకొట్టు పక్కన మూడు మెట్లెక్కితే ఒకటే గది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాను. వచ్చేవాళ్లంతా దర్శనం టికెట్ల ప్రింట్లకీ, ఆధార్ జిరాక్సులకీ వస్తారు. నేను మాత్రం అమెరికా ఫెడరల్ జైలు, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ జైలు, పనుల మీద ఏడాదిన్నరగా పోతున్నాను. ఆ పనికి ఈ షాపు ఎలా ఉంటుందో ఇంకెవరూ రాసి ఉండరు కాబట్టి నేను రాస్తున్నా.

మా ఆయన న్యూజెర్సీలో ఉద్యోగం చేసేవాడు. బిల్లింగ్ మోసం కేసు. చేశాడు, కోర్టులో ఒప్పుకున్నాడు. దాని గురించి ఇంతకంటే రాయను. ఉద్యోగం పోయింది, వీసా పోయింది. శిక్ష ఇంకా వేయకముందే నేను పాపను తీసుకుని కొర్లగుంటలో అత్తగారింటికి వచ్చేశాను. చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ "ప్రాజెక్టు పొడిగించారు" అనే చెప్తున్నాం.

మొదటిసారి ఈ షాపు మెట్లెక్కింది జడ్జికి ఉత్తరాల కోసం. శిక్ష వేసే ముందు ఇంటివాళ్లు, తెలిసినవాళ్లు ఆ మనిషి ఎలాంటివాడో చెబుతూ జడ్జిని ఉద్దేశించి ఉత్తరాలు రాయొచ్చు. వాటిని లాయరుకి పంపితే, ఆయన మిగతా కాగితాలతో కలిపి కోర్టులో వేస్తాడు. మామ తెలుగులో రెండు పేజీలు రాశాడు. దాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైపు చేయాలి. ఇంకో ఏడు ఉత్తరాలు కూడా ఉన్నాయి.

షాపాయనకి అరవై దాటాయి. ఇరవై ఏళ్లు కోర్టు బయట చెట్టు కింద మెషిన్ మీద అర్జీలు కొట్టాడట. మామ కాగితం తీసుకుని, అద్దాలు పెట్టుకుని, టైపు చేయడానికి ముందే మొత్తం చదివాడు. మొదటి లైను: "మా అబ్బాయి తప్పు చేసే రకం కాదు, ఎవరో ఇరికించినారు." అక్కడ వేలు పెట్టి ఆగాడు.

"ఒప్పుకున్నాడా, లేదామ్మా?"

ఇన్నాళ్లలో కేసు గురించి ఆయన అడిగిన ప్రశ్న ఇదొక్కటే.

"ఒప్పుకున్నాడన్నా."

"అట్టయితే ఈ లైను ఉండకూడదు. కొడుకేమో చేసినానంటాడు, నాయనేమో చేయలేదంటాడు. జడ్జి ఎవురి మాట నమ్మాల?"

వారం తర్వాత మా లాయరు కూడా అదే మాట మెయిల్ పెట్టాడు. అక్కడ తప్పు ఒప్పుకున్నవాళ్లకి శిక్ష లెక్కలో రెండు, ఒక్కోసారి మూడు మెట్లు తగ్గిస్తారు. ఇంటివాళ్లే "వాడు నిర్దోషి" అని రాస్తే, ఒప్పుకున్నది మనసులోంచి కాదేమో అన్న అనుమానం వస్తుంది. గంటకి వందల డాలర్లు తీసుకునే లాయరు చెప్పింది, పేజీకి 40 రూపాయలు తీసుకునే మనిషి వారం ముందే చెప్పాడు.

మామకి కోపమొచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు మళ్లీ రాసిచ్చాడు. కొడుకు పదో క్లాసులో ఉండగా మామకి కాలు విరిగితే, ఆ పిల్లోడు మూడు నెలలు తెల్లారుజామున ఇంటింటికీ పాలు పోసి బడికి పోయిన సంగతి. కింద ఒక లైను: "ఆ పిల్లోడూ వీడే, ఈ తప్పు చేసినోడూ వీడే." షాపాయన ఆ లైనులో అక్షరం కూడా మార్చలేదు. ఇంగ్లీషులో ఎలా పెట్టాలా అని మాత్రం చాలాసేపు కూర్చున్నాడు.

ఏ నేరానికి ఎన్ని నెలలో చెప్పే గైడ్‌లైన్స్ అక్కడ ఉంటాయి, వాటి ప్రకారం మా ఆయనకి 46 నుంచి 57 నెలలు పడాలి. జడ్జి 36 వేశాడు. ఉత్తరాల వల్లే తగ్గిందని నేననడం లేదు, లాయరూ అనలేదు. ఫెడరల్ కేసుల్లో పెరోల్ లేదు. మంచి నడవడికకి ఏడాదికి 54 రోజుల దాకా తగ్గుతాయి, అంటే మూడేళ్లకి 162. క్లాసులకీ పనులకీ ఇచ్చే ఇంకో రకం తగ్గింపు ఉంది గానీ, దేశం నుంచి పంపించేయాలని ఫైనల్ ఆర్డర్ పడ్డవాళ్లకి అది పనికిరాదు. క్యాలెండర్ మీద లెక్కలు వేసి వేసి నాకు ఇవన్నీ నోటికొచ్చేశాయి.

ఇప్పుడు అసలు పని, పోస్టు. లోపలున్నవాళ్లతో ఈమెయిల్ లాంటిది ఉంది. ఒక మెసేజ్‌కి 13,000 అక్షరాలు, ఫోటోలు పోవు, ఫైళ్లు పోవు. ఆయన చదివినా రాసినా నిమిషానికి 5 సెంట్లు ఆయన ఖాతాలోంచి పోతాయి. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటాం. పాప ఫోటోలు, పాప గీసిన బొమ్మలు మాత్రం పోస్టులోనే పోవాలి. పెన్సిల్వేనియాలో ఆయనున్న చోట తెల్ల కాగితం, తెల్ల కవరు తప్ప వేరే తీసుకోరు. స్టిక్కర్లు, మెరుపులు అసలు కుదరవు. చాలాసార్లు ఆయన చేతికొచ్చేది ఒరిజినల్ కాదు, జిరాక్సు. కవరు మీద పేరుతో పాటు రిజిస్టర్ నంబరు ఉండాలి. ఎనిమిదంకెలు, ఐదు తర్వాత ఒక గీత. చివరి మూడూ అమెరికాలో ఏ కోర్టు జిల్లా నుంచి వచ్చాడో చెబుతాయి.

ఒకసారి షాపులో ఆ నంబరులో 6 బదులు 9 కొట్టారు. నేనూ చూసుకోలేదు. ఏడు వారాల తర్వాత కవరు తిరిగొచ్చింది, లోపల పాప పుట్టినరోజు ఫోటోలతో. డబ్బులు తీసుకోకుండా మళ్లీ ప్రింట్ ఇచ్చాడు. అప్పటి నుంచి నేను ఒక్కో అంకె పలికితే గానీ కొట్టడు. దీనికి స్టారు తగ్గించడం లేదు.

తగ్గించిన అర స్టారు కౌంటర్ దగ్గరుండే కుర్రాడిది. ఒక శనివారం షాపు నిండా జనం. మా వీధిలో ఆమె కూడా ఉంది. వీడు అక్కడి నుంచే గట్టిగా, "అక్కా, జైలు కవరేనా?" అన్నాడు. నేను జిరాక్సు తీసుకోకుండానే దిగిపోయాను. మరుసటి వారం పోతే షాపాయన ఏమీ అనలేదు, కుర్రాడూ ఏమీ అనలేదు. నా ఫైలు మీద మాత్రం "పాప స్కూలు" అని రాసి ఉంది. ఇప్పటికీ అదే పేరు.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. ఆయన రాత్రి ఏడింటికి చేస్తే మనకి తెల్లారుజామున నాలుగున్నర, చలికాలం ఐదున్నర. కాల్‌కి 15 నిమిషాలు, నెలకి మొత్తం 300 నిమిషాలు. ముందు ఇంగ్లీషులో రికార్డింగ్ వస్తుంది, ఇది ఫెడరల్ జైలు నుంచి వచ్చిన కాల్ అని. మాట్లాడాలంటే 5 నొక్కాలి. మామ ఆ ఇంగ్లీషు వినగానే బ్యాంకు మోసగాళ్లనుకుని పెట్టేసేవాడు. రెండుసార్లు అలా కాల్ పోయింది. షాపాయనకి చెబితే ఎర్ర అక్షరాలతో "అమ్మి మాట్లాడతాది. ఆగు. 5 నొక్కు" అని పెద్దగా ప్రింట్ తీసి, లామినేషన్ చేసి, పైన బొక్క పెట్టి ఇచ్చాడు. 30 రూపాయలు. మామ దాన్ని ఫోన్ ఛార్జర్ పక్కనే మేకుకి తగిలించాడు. ఆ తర్వాత ఒక్క కాల్ కూడా పోలేదు.

ఇంకొకటి. మా అవ్వ, అంటే మామ వాళ్లమ్మ, ఏ ఉత్తరమైనా నాలుగు మూలలా పసుపు పూయందే కవర్లో పెట్టనివ్వదు. మొన్న షాపుకి నాతో పాటు వచ్చి, కొంగుముడిలోంచి పసుపు తీసింది. "వద్దవ్వా, మచ్చ పడితే తిప్పి పంపేస్తారు" అన్నాడాయన. అవ్వ కవరు వదలదు. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, కంప్యూటర్లో పేజీకి నాలుగు మూలలా చిన్న చిన్న పసుపు రంగు గడులు పెట్టి, దాని మీదే ఉత్తరం ప్రింట్ తీశాడు. కలర్ ప్రింటు కాబట్టి పది రూపాయలు. అవ్వ వేలితో రుద్ది చూసుకుని, సరే అంది.

మూడు వారాలకి మా ఆయన మెసేజ్ వచ్చింది. అక్కడ నలుపు తెలుపు జిరాక్సే కదా ఇచ్చేది. "ఉత్తరానికి నాలుగు మూలలా బూడిద రంగు మచ్చలేంటి, అవ్వ పనేనా?" అని అడిగాడు.

రేట్లు: జిరాక్సు 2 రూపాయలు, తెలుగు టైపింగ్ పేజీకి 40, ఫోటో ప్రింటు 20. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా మూసేస్తాడు. శనివారం అసలు పోవద్దు, దర్శనం జనంతో నిలబడే చోటుండదు. చిల్లర తీసుకెళ్లండి.