సిగ్మా బై టూ ఎప్సిలాన్ నాట్: పద్దెనిమిదేళ్ళ వాడకం తర్వాత

ఇన్నేళ్ళలో మా ఇంట్లో మిక్సీ రెండుసార్లు మారింది, స్కూటర్ మారింది. మార్చకుండా వాడుతున్నది ఈ సూత్రమొక్కటే. ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. విద్యుదావేశం సమంగా పరుచుకున్న పెద్ద పలక దగ్గర విద్యుత్ క్షేత్రం ఎంత? సిగ్మా బై టూ ఎప్సిలాన్ నాట్. సిగ్మా అంటే చదరపు మీటరుకు ఉన్న ఆవేశం, ఎప్సిలాన్ నాట్ అంటే శూన్యానికి సంబంధించిన ఒక స్థిరాంకం.

మొదట్లో ఇంటిగ్రేషన్‌తోనే చెప్పేవాణ్ణి. పలకను వలయాలుగా కోసి, ఒక్కో వలయం ఇచ్చే క్షేత్రాన్ని కూడుకుంటూ పోవడం. బోర్డు నిండేది, పీరియడ్ అయిపోయేది, వెనక బెంచీలు నిద్రపోయేవి. తర్వాత గాస్ నియమానికి మారాను: ఏ మూసిన ఉపరితలంలోంచైనా బయటికొచ్చే మొత్తం క్షేత్ర ప్రవాహం, అంటే అభివాహం, లోపలి ఆవేశాన్ని ఎప్సిలాన్ నాట్‌తో భాగిస్తే వచ్చేదే. అలా ఊహించుకునే మూసిన ఉపరితలాన్ని గాసియన్ ఉపరితలం అంటారు, నాది ఒక అగ్గిపెట్టె. అట్టముక్క మధ్యలో చీలిక కోసి, పెట్టె సగం అటు, సగం ఇటు ఉండేలా దూర్చి చూపిస్తాను. క్షేత్రం పలకకు లంబంగా రెండు వైపులకూ పోతుంది కాబట్టి పెట్టె పక్కల్లోంచి ఏమీ బయటికి రాదు, రెండు చివరల్లోంచే వస్తుంది. క్షేత్రాన్ని చివరి వైశాల్యంతో హెచ్చించి రెండింతలు చేస్తే మొత్తం అభివాహం. లోపల చిక్కిన ఆవేశాన్ని ఎప్సిలాన్ నాట్‌తో భాగించి దానికి సమానం చేస్తే వైశాల్యం రెండు వైపులా కొట్టేసుకుపోతుంది. మూడు లైన్లలో పని అయిపోయింది. ఎంసెట్‌కి (ఇప్పటి ఈఏపీసెట్‌కి) ఇంతకంటే ఏం కావాలి?

లెక్కలూ తేలికే. ఎప్సిలాన్ నాట్ విలువ 8.854 × 10⁻¹². చదరపు మీటరుకు 1 మైక్రోకూలూంబ్ (కూలూంబ్‌లో పది లక్షల వంతు) ఆవేశం ఉంటే క్షేత్రం కూలూంబ్‌కు సుమారు 56,500 న్యూటన్లు, అంటే మీటరుకు అన్నే వోల్టులు. మామూలు గాలి మీటరుకు దాదాపు 30 లక్షల వోల్టుల దగ్గర తట్టుకోలేక నిప్పురవ్వ వదులుతుంది. అంటే గాలిలో ఇలాంటి పలక మోయగలిగేది చదరపు మీటరుకు 53 మైక్రోకూలూంబ్‌లు, అంతే. ప్రశ్నల్లో ధారాళంగా ‘1 కూలూంబ్’ అని ఇచ్చేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే బాగుండును.

ఇక ఫిర్యాదులు. గాస్ పద్ధతి జవాబు ఇస్తుంది కానీ కారణం చెప్పదు. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: “సార్, ఇందులో దూరం ఏది?” దూరం పెరిగితే క్షేత్రం తగ్గాలని నిన్నటిదాకా నేర్పింది మనమే మరి. ‘పైన కొట్టేశాం కదా’ అని నేను చాలాకాలం తప్పించుకున్నాను. కొట్టేసింది వైశాల్యాన్ని, దూరాన్ని కాదు.

ఒకరోజు క్లాసులో కరెంటు పోయింది. ఒక కుర్రాడు ఫోన్ టార్చి గోడ మీదికి వేశాడు. వాడు రెండింతల దూరం వెనక్కి జరిగితే గోడ మీది వెలుగు వలయం వైశాల్యం నాలుగింతలైంది. గోడే మన పలక, ఆ వలయంలో ఉన్నది ఆవేశమే అనుకోండి. అదీ నాలుగింతలు, ఒక్కో ముక్క ప్రభావం నాలుగో వంతు. చెల్లుకు చెల్లు. టార్చిని ఏటవాలుగా తిప్పినా అంతే: వెలుగు పడే చోటు సాగుతుంది, దాని లంబ భాగం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. చివరికి తేలేదేమిటంటే, మనం నిలబడ్డ చోటు నుంచి పలక మన చూపులో ఎంత మేర ఆక్రమించిందన్నదే లెక్క. దీన్నే ఘనకోణం అంటారు. అనంతమైన పలకైతే ఎంత వెనక్కి జరిగినా సగం ప్రపంచాన్ని కప్పేసే ఉంటుంది, అందుకే జవాబు మారదు. నాకు ఇప్పుడు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే.

ఆ ‘అనంతమైన’ అన్న మాటతోనే రెండో పేచీ. ఎంత పెద్దదైతే అనంతం? గుండ్రటి పలక మధ్యన, వ్యాసార్థంలో పదో వంతు ఎత్తులో ఉంటే చాలనుకుంటాం. అక్కడ సూత్రం చెప్పినదాంట్లో 90 శాతమే వస్తుంది. 99 శాతం కావాలంటే నూరో వంతు ఎత్తుకు దిగాలి. వ్యాసార్థమంత ఎత్తుకు పోతే మిగిలేది 29 శాతం. పెద్ద పలక తిన్నటి అంచుకు సరిగ్గా పైన ఉంటే లంబ భాగం సగానికి పడిపోతుంది. చదరపు పలక మధ్యన, భుజంలో సగం ఎత్తులో ఎంత? అట్టపెట్టెను ఘనంలా మడిచి మధ్య బిందువు చూపిస్తే పిల్లలే చెప్పేస్తారు: ఆరు ముఖాల్లో ఒకటి, కాబట్టి సిగ్మా బై సిక్స్ ఎప్సిలాన్ నాట్. ఇంటిగ్రేషన్‌తో దీనికి పేజీ పడుతుంది.

ఆ ‘టూ’ నన్ను బాగా దెబ్బకొట్టిన సందర్భం కూడా ఉంది. ఒక మోడల్ టెస్టుకు కీ నేనే తయారుచేశాను. వ్యతిరేక ఆవేశాలున్న రెండు పలకలు ఎదురెదురుగా ఉండే కెపాసిటర్‌లో ఒక పలక మీద బలం ఎంత అన్న ప్రశ్న. పలకల మధ్య క్షేత్రం సిగ్మా బై ఎప్సిలాన్ నాట్ కదా అని దాన్నే ఆవేశంతో హెచ్చించేశాను. పేపర్లు పంచాక ముందు బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. “సార్, పలక తనని తాను లాక్కుంటుందా?”

లాక్కోదు. ఆ మధ్య క్షేత్రంలో సగం దానిదే, బలం లెక్కకు అవతలి పలక ఇచ్చే సగమే పట్టాలి. నేను చెప్పిన జవాబు రెండింతలు ఎక్కువ. “కూర్చోమ్మా, నువ్వే కరెక్టు” అని పేపర్లన్నీ వెనక్కి తీసుకున్నాను. ఆ రాత్రి రెండు సెక్షన్ల పేపర్లూ మళ్ళీ దిద్దాను. ఇప్పుడు కెపాసిటర్ పాఠం ఆ అమ్మాయి ప్రశ్నతోనే మొదలుపెడతాను.