హ్యాండిల్‌కు ఏది కట్టాలి: ఫోనా, జీపీఎస్ డబ్బానా?

కిందటి శ్రావణంలో మారేడుమిల్లి ఘాటు దిగి, చింతూరు మీదుగా భద్రాచలం వెళ్తున్నాను. రాజమహేంద్రవరంలో పట్టుకున్న వాన ఘాటు దాటినా వదల్లేదు. హ్యాండిల్ మీద ఫోను, దానికి బండి బ్యాటరీ నుంచి చార్జింగ్ వైరు. సగం దారిలో పోర్టులో తడి ఉందని హెచ్చరిక వచ్చి చార్జింగ్ ఆగిపోయింది. తెర మీద పడిన ప్రతి చినుకునూ వేలే అనుకుని ఫోను తనంతట తానే మ్యాపును అటూ ఇటూ జరిపింది, ఒకసారి మా మేనమామకు కాల్ కూడా కలిపింది. భద్రాచలం ఇంకా కాస్త దూరం ఉందనగా ఒక బంకులో ఆగి అయిదు వందలకు పెట్రోలు కొట్టించాను. డబ్బు కడదామని ఫోను చేతిలోకి తీసుకునేసరికి అది ఆరిపోయింది. జేబులో ఇరవై నోటు ఒక్కటే ఉంది.

"పైసలు లేకుంటే ఎట్లన్నా?" అన్నాడు బంకు కుర్రాడు. కోపంగా కాదు, జాలిగా. పోర్టు ఆరి, చార్జింగ్ ఎక్కి, ఫోను మళ్లీ లేచేదాకా ముప్పావుగంట ఆ రేకుల షెడ్డు కింద కూర్చున్నాను.

నిజానికి ఆ రోజు నేను దారి తప్పలేదు. తప్పడానికి అక్కడ ఉన్నది ఒకటే రోడ్డు. పోయింది పర్సు. లైసెన్సూ ఆర్సీ డిజీలాకర్‌లో, డబ్బు యూపీఐలో, రాత్రి బస చేసే గది బుకింగ్ ఈమెయిల్లో, ఇంటి నంబరు కూడా ఫోనులోనే (భార్య నంబరు నోటికి రాదని అప్పుడే తెలిసింది, ఇంట్లో చెప్పలేదు). ఇన్నీ మోస్తున్న వస్తువును తీసుకెళ్లి ఎండకూ వానకూ అదురుకూ ఎదురుగా హ్యాండిల్‌కు కట్టాను. అందుకే ఫోనుకూ, దారి చూపడానికే చేసిన జీపీఎస్ డబ్బాకూ మధ్య ఈ పోలికలో దారి ఏది బాగా చూపిస్తుంది అన్నది నాకు రెండో ప్రశ్న. దేన్ని పోగొట్టుకోగలం అన్నది మొదటిది.

దారి చూపడం వరకే అయితే ఫోనే గెలుస్తుంది, పెద్ద చర్చ అక్కర్లేదు. ముందు ట్రాఫిక్ ఎంతుందో చెబుతుంది. గూగుల్ మ్యాప్స్ 2017 డిసెంబరులో మన దేశంలో ద్విచక్ర వాహనాలకు ప్రత్యేకంగా దారి చూపడం మొదలుపెట్టింది. మన దేశపు మ్యాప్ యాప్ మ్యాపుల్స్ స్పీడ్ బ్రేకర్లనూ గుంతలనూ ముందే హెచ్చరిస్తుంది. హెల్మెట్‌లో బ్లూటూత్ ఉంటే తెలుగులోనే ఎడమకు తిరగమని చెప్పించుకోవచ్చు. దగ్గర్లో పంక్చర్ షాపు, టిఫిన్ సెంటర్ ఎక్కడున్నాయని నోటితో అడిగితే చాలు. ఈ పనుల్లో చాలావరకు ఫోను తోడు లేకుండా జీపీఎస్ డబ్బాకు చేతకానివనే చెప్పాలి. దాని పటాలు ఏడాదికి కొన్నిసార్లే మారతాయి. నిన్న తెరిచిన బైపాస్ దానికి తెలియదు, నిన్న మూసిన టిఫిన్ సెంటరూ తెలియదు.

ధర చూస్తే గుండె ఇంకాస్త జారుతుంది. బండ్ల కోసమే చేసిన గార్మిన్ జూమో ఎక్స్‌టీ 2020లో వచ్చినప్పుడు అమెరికాలో 500 డాలర్లు. 2023లో వచ్చిన ఎక్స్‌టీ2 అయితే 600. ఆ డబ్బుతో ఇక్కడ మంచి ఫోనే వస్తుంది, ఇంకా రైడింగ్ జాకెట్‌కు మిగులుతుంది. అమెరికా నుంచి బావమరిది తెస్తున్నాడు కదా అనుకుంటే ఇంకో చిక్కుంది: అక్కడ కొన్న డబ్బాలో ఉండేది ఉత్తర అమెరికా పటం. మన దేశపు పటం విడిగా కొనాలి, లేదా జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన ఉచిత పటాన్ని మెమరీ కార్డులో వేసుకోవాలి. కంప్యూటర్ దగ్గర ఒక సాయంత్రం పోతుంది.

బావమరిది ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. జీపీఎస్ డబ్బా ఉపగ్రహం నుంచి సంకేతం అందుకుంటుందే తప్ప పైకి ఏమీ పంపదు, దానికి అనుమతులేమీ అక్కర్లేదు. గార్మిన్ కంపెనీయే అమ్మే ఇన్‌రీచ్ లాంటివి ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపుతాయి. అలాంటివి ముందస్తు అనుమతి లేకుండా మన దేశంలో దగ్గర ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో వాటితో పట్టుబడిన విదేశీయులు ఉన్నారు. రెండూ ఒకే కంపెనీ డబ్బాలు. తెప్పించేముందు మోడల్ పేరు సరిచూసుకోండి.

మరి ఇంత డబ్బు పోసి ఎవరైనా దాన్ని ఎందుకు కొంటారు? ఎండ, వాన, అదురు. ఈ మూడింటి దగ్గర కథ తిరగబడుతుంది.

ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. ఏప్రిల్లో రామగుండం వైపో, రెంటచింతల వైపో మధ్యాహ్నం వెళ్లి చూడండి. 42, 43 మామూలే. నేరుగా ఎండ, పైన ప్లాస్టిక్ కవరు, లోపల చార్జింగ్ వేడి, తెర వెలుగు పూర్తిగా పెట్టడం వల్ల వచ్చే వేడి. ఫోను తనను తాను కాపాడుకోవడానికి మొదట తెరను మసకబారుస్తుంది. సరిగ్గా మనకు తెర కనబడాల్సిన వేళకే. తర్వాత చార్జింగ్ ఆపుతుంది, ఆ తర్వాత చల్లబడేదాకా పని చేయనంటుంది. కవరు తీసేస్తే వేడి కాస్త తగ్గుతుంది, కానీ వానకు దొరికిపోతుంది.

వాన సంగతి పైన చెప్పాను. ఫోను నీళ్లలో మునిగినా చావకపోవచ్చు, నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు పెట్టె మీద రాసే ఉంటుంది. చావకపోవడం వేరు, వానలో పని చేయడం వేరు. జూమో లాంటి వాటి తెర గ్లౌజులతో నొక్కినా పలికేలా చేసింది. చార్జింగ్ బండి బ్యాటరీ నుంచి నేరుగా దాన్ని హ్యాండిల్‌కు పట్టి ఉంచే మౌంట్‌లోనే వస్తుంది, కాబట్టి తడిసే చిన్న పోర్టు మధ్యలో ఉండదు.

అన్నిటికన్నా చాటుగా దెబ్బ కొట్టేది అదురు. ఫోటో కదలకుండా రావడానికి ఈనాటి ఫోను కెమెరాల్లో కటకాన్నో సెన్సర్‌నో అయస్కాంతాల మధ్య తేలేలా పెడతారు. ఇంజను అదురు హ్యాండిల్ గుండా గంటల తరబడి దాన్ని ఊపితే ఆ ఏర్పాటు దెబ్బతింటుంది. 2021 సెప్టెంబరులో ఆపిల్ స్వయంగా ఈ మాట ప్రకటించింది: ఎక్కువ శక్తిగల మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురు ఐఫోన్ కెమెరాను పాడుచేయగలదు, ఫోనును నేరుగా బండికి బిగించవద్దు, మోపెడ్‌కైనా అదురు తగ్గించే మౌంట్ వాడండి అని. మన దగ్గర ఎక్కువమంది తోలేది 350, 400 సీసీ సింగిల్ సిలిండర్ బండ్లు. వాటి అదురు చేతులకే తెలుస్తుంది. నా పాత ఫోను (ఏ కంపెనీదో అనవసరం) రెండేళ్ల ప్రయాణాల తర్వాత దూరపు కొండను ఫోటో తీయమంటే వణికిపోవడం మొదలుపెట్టింది. అదురును మింగే రబ్బరు డంపర్ ఉన్న మౌంట్ అప్పటికి కొనలేదు. కొన్ని వందల రూపాయల దగ్గర పిసినారితనానికి పోయి వేలల్లో పోగొట్టుకున్నాను.

ఇక చాలామంది నమ్మే ఒక తప్పు మాట: "అడవిలో సిగ్నల్ ఉండదు, ఫోను పనికిరాదు, జీపీఎస్ డబ్బానే దిక్కు." ఫోనులోనూ ఉపగ్రహ సంకేతం అందుకునే చిప్పే ఉంది. అది టవర్ల మీద ఆధారపడదు. నెట్ లేకపోతే పోయేది పటం, చిప్పు కాదు. పటం ముందే దించుకుంటే నల్లమల నట్టనడుమ కూడా మీరెక్కడున్నారో ఫోను చూపిస్తుంది. ఒక్క తేడా ఉంది. ఉపగ్రహాలు తమ కక్ష్యల వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున, నత్తనడకగా పంపుతాయి. నెట్ ఉంటే ఫోను ఆ వివరాలను టవరు నుంచి చిటికెలో తెచ్చుకుంటుంది, లేకపోతే ఆకాశం నుంచి వినాలి. అందుకే అడవి మధ్యలో ఫోను ఆపి మళ్లీ వెలిగిస్తే నీలిచుక్క రావడానికి కాస్త ఆలస్యమవుతుంది. కంగారు పడకుండా ఆకాశం కనబడే చోట రెండు నిమిషాలు ఆగితే చాలు. లదాఖ్ వెళ్లేవాళ్లు మాత్రం ఇంకొకటి గుర్తుంచుకోవాలి: మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి.

అడవి గేట్ల సంగతి రెండింటినీ అడగొద్దు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే మళ్లీ తీసేది పొద్దున ఆరుకే. ఆ లెక్క మనం వేసుకుని బయల్దేరాల్సిందే. కొట్టుకుపోయిన వంతెనల సంగతీ అంతే. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, సగం కొట్టుకుపోయిన వంతెన మీంచి కారు రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. నావిగేషన్ చూపిన దారినే వెళ్లారని వార్తలొచ్చాయి. ఊరి మొగలో టీ కొట్టు పెద్దాయన "ఆ దారి పోదు బాబూ" అంటే ఆయన మాటే నేను వింటాను, తెర ఏమన్నా సరే.

టూరింగ్ చేసేవాళ్లకు అసలు ముఖ్యమైన తేడా ఇంకొకటుంది, దాన్ని గురించి మాత్రం తక్కువగా మాట్లాడతారు. గూగుల్ మ్యాప్స్ అడిగేది "ఎక్కడికి?" అని. టూరింగ్ నావిగేటర్, అంటే ఈ డబ్బా, అడిగేది "ఏ దారిన?" అని. విశాఖ నుంచి లంబసింగి వెళ్లాలంటే నాకు తొందరగా చేరడం అక్కర్లేదు, పాడేరు ఘాటు ఎక్కి చింతపల్లి మీదుగా పోవాలి. ఫోనులో మధ్యలో ఊళ్లు పెట్టుకోవచ్చు, కానీ కొన్నిటికి మించనివ్వదు. పైగా ఒక మలుపు వదిలేశానంటే చాలు, వెనక్కి పిలిచి హైవే ఎక్కించాలని చూస్తుంది. నావిగేటర్‌లోకి ముందురోజు ఇంట్లో గీసుకున్న దారిని జీపీఎక్స్ ఫైలుగా వేస్తే ఆ గీతనే పట్టుకుని నడిపిస్తుంది. పది బండ్ల గుంపుకు అందరి దగ్గరా ఒకే గీత ఉంటుంది, వెనకబడినవాడూ అదే దారిన వస్తాడు.

అయితే ఈ సుగుణం డబ్బా సొంతమేమీ కాదు. ఫోనులో ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎమ్ఆండ్ అనే యాప్‌లు కూడా జీపీఎక్స్ గీతను చూపిస్తాయి, పటాలు పూర్తిగా ఫోనులోనే ఉంటాయి. ఇంటి నంబర్లూ దుకాణాల పేర్లూ వెతకడంలో అవి వెనకబడ్డా, గీత పట్టుకుని పోవడానికి చాలు.

అందుకని నేను మధ్యదారి పట్టాను. బీరువాలో పడి ఉన్న పాత ఫోను తీసి, సిమ్ లేకుండా, ఖాతాలన్నీ తీసేసి, ఆఫ్‌లైన్ పటాలు మాత్రం నింపాను. ఆంధ్ర, తెలంగాణలతో పాటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూడా, ఎందుకంటే చింతూరు దాటితే సరిహద్దు ఎప్పుడు దాటామో తెలియదు. డంపర్ మౌంట్‌లో అది హ్యాండిల్ మీద, అసలు ఫోను జాకెట్ లోపలి జేబులో. పాతదాని కెమెరా ఎలాగూ పోయిందే, ఇంకేం పోతుంది? లోపాలు లేవని కాదు. దాని తెర ఎండలో అంతంత మాత్రమే కనబడుతుంది, బ్యాటరీ పాతది కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం దాన్ని తీసి బ్యాగులో వేస్తాను. వెనక మూత ఏమాత్రం ఉబ్బినట్టు కనిపించినా ఆ రోజే పారేయాలి, అది బాంబుతో సమానం.

కొత్త బండి కొనేవాళ్లకు ఈ తిప్పలు కొంత తప్పుతున్నాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్ 350తో తెచ్చిన ట్రిప్పర్ అనే చిన్న తెరలో బాణం గుర్తులు కనబడేవి, 2023 హిమాలయన్ 450 గుండ్రటి తెరలో పూర్తి మ్యాపే కనిపిస్తుంది. ఫోను జేబులోనే ఉంటుంది, వేడెక్కినా తడవదు, అదరదు. ఆ మ్యాపు ఫోను బ్యాటరీని మాత్రం దండిగా తాగుతుంది, పవర్‌బ్యాంక్ ఉండాల్సిందే.

ఇంతకీ ఎవరు ఏది కొనాలి? వారాంతంలో అనంతగిరి, శ్రీశైలం తిరిగేవాళ్లు డబ్బా జోలికి పోవద్దు, డంపర్ మౌంట్ ఒకటి కొని ఊరుకోండి. ఏడాదికి ఒకటీ రెండు పెద్ద ప్రయాణాలు చేసేవాళ్లకు పాత ఫోనే నా సలహా. డబ్బా నిజంగా అక్కరకొచ్చేది నెలల తరబడి బండి మీదే ఉండేవాళ్లకు, వానాకాలమంతా తిరిగేవాళ్లకు, పెద్ద గుంపును ముందుండి నడిపేవాళ్లకు. బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డ నా మిత్రుడు వేసవిలో బండి మీద ఆల్ప్స్ వెళ్తున్నాడు, రోజుకో కనుమ చొప్పున. ఆ దేశాల పటాలు దాంట్లోనే వస్తాయి, రోడ్ల వివరాలు పక్కాగా ఉంటాయి, వాన ఎప్పుడైనా పడొచ్చు. వాడు అడిగినప్పుడు డబ్బానే కొనమన్నాను. సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతోందట. కరెంటు అందించే మౌంట్ కూడా దాంతో ఇస్తున్నారో లేదో ముందు కనుక్కోమన్నాను. అది లేకుండా అమ్మేవాళ్లే ఎక్కువ, విడిగా కొనాలంటే చవకేం కాదు.