పోస్ట్‌గ్రెస్ రివ్యూ: మొహమాటం లేని డేటాబేస్

మూడేళ్లుగా పోస్ట్‌గ్రెస్ వాడుతున్నా. ఫ్రీ, ఓపెన్ సోర్స్, ఫాస్ట్ అని అందరూ చెప్పేదే కాబట్టి అవి వదిలేస్తున్నా. నాకు నచ్చింది దానికి మొహమాటం లేకపోవడం.

పాత యాప్ డేటా ఇందులోకి మార్చిన రోజు ఇంకా గుర్తుంది. ఆర్డర్స్ టేబుల్‌కి ఫారిన్ కీ (ఇక్కడ రాసిన ఐడీ ఇంకో టేబుల్‌లో నిజంగా ఉండాలనే రూల్) పెడదామని కమాండ్ కొట్టానో లేదో, 418 నంబర్ కస్టమర్ అసలు కస్టమర్స్ టేబుల్‌లోనే లేడు పొమ్మని ఎర్రర్. ఆ ఒక్కటీ సరిచేస్తే 423 అంది, తర్వాత ఇంకోటి, చివరికి విసుగొచ్చి లెఫ్ట్ జాయిన్ (రెండు టేబుల్స్ కలిపి, జత దొరకని వరసలు కూడా చూపించే క్వెరీ) కొట్టి అన్నీ ఒకేసారి బయటికి లాగా. కస్టమర్లని ఎప్పుడో తీసేశాం, వాళ్ల ఆర్డర్లు మాత్రం దిక్కులేకుండా అక్కడే పడున్నాయి. "కోడ్‌లో చెక్ చేస్తున్నాం కదా, మళ్లీ డేటాబేస్‌లో ఎందుకు" అని మొదట్లో కొట్టిపారేసింది నేనే, ఇంక ఎవర్ని తిట్టాలి.

నా ఇంకో ఘనకార్యం, ప్రొడక్ట్ ట్యాగుల నంబర్లన్నీ ఒకే కాలమ్‌లో కామాలు పెట్టి రాయడం. 12 కోసం లైక్‌తో (అక్షరాల ముక్కని బట్టి వెతకడం) వెతికితే 112, 120 కూడా వచ్చేవి, పైగా ముందు పర్సెంట్ గుర్తు (అక్కడ ఏదైనా ఉండొచ్చని అర్థం) ఉంటే మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పుస్తకం వెనక సూచిక లాంటిది) పనికిరాదు కాబట్టి ప్రతిసారీ టేబుల్ మొత్తం చదవాల్సిందే. మధ్యలో ఇంకో టేబుల్ పెట్టి, ప్రొడక్ట్ ఐడీ, ట్యాగ్ ఐడీ రెండూ కలిపి ప్రైమరీ కీ (ఒక్కో వరసని గుర్తుపట్టే, రిపీట్ కాని విలువ) చేశా, ఆ గోల వదిలింది. డబ్బు లెక్కలకి ఫ్లోట్ (దశాంశాల్ని దాదాపుగా మాత్రమే దాచే రకం) జోలికి పోకండి బాబూ, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, కచ్చితంగా దాచే న్యూమరిక్ పెట్టుకోండి. ఫోన్ నంబర్ టెక్స్ట్‌గానే ఉంచండి, ఇంటీజర్ (పూర్ణాంకం) పెడితే ముందున్న సున్నా ఎగిరిపోద్ది.

అలాగని అన్నీ అదే చూసుకుంటుందనుకుంటే దెబ్బైపోతాం. ప్రైమరీ కీకి ఇండెక్స్ దానంతటదే వేసుకుంటుంది గానీ, ఆర్డర్స్‌లో ఉన్న ఫారిన్ కీ కాలమ్‌కి వెయ్యదు, మనమే వేసుకోవాలి. అది తెలీక ఒక్క కస్టమర్ని డిలీట్ కొడితే, అతని పేరు మీద ఆర్డర్లేమైనా మిగిలాయా అని లక్షల వరసలూ మొదట్నుంచీ చూసుకుంటూ కూర్చుంది. ఎర్రరూ రాదు, వార్నింగూ రాదు, స్లో అవుతుందంతే.

జేసన్‌బీ కాలమ్ (కీ, విలువ జతలుగా ఏ డేటా అయినా పడేయొచ్చు) కూడా అంతే, మంచిదే గానీ బద్ధకస్తుల చేతికి ఇవ్వకూడదు. మొన్నీమధ్య "సెట్టింగ్స్" అని ఒకటి పెట్టి తోచిందల్లా అందులో పడేశా, ఇప్పుడు చూస్తే ఈమెయిల్ అనే కీ మూడు రకాల స్పెల్లింగుల్లో ఉంది.