ఫ్రీ గేమ్‌కి 2,499 కట్టాను, మీరు కట్టకండి: యుమె నిక్కి "కలెక్టర్స్ ఎడిషన్" జాగ్రత్త

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ల కోసం అసలు సంగతి ముందే చెప్పేస్తున్నా. యుమె నిక్కి అనే జపాన్ గేమ్ పూర్తిగా ఫ్రీ. 2004లో వచ్చినప్పుడూ ఫ్రీయే, 2018 జనవరి నుంచి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కూడా ఫ్రీగానే ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి "ఫుల్ వెర్షన్" అనో "ఉబోవా గ్యారంటీ" (ఉబోవా అంటే గేమ్‌లో అరుదుగా కనపడే ఒక జీవి) అనో ఎవరు అమ్మినా ఒక్క రూపాయి కట్టకండి. నేను 2,499 రూపాయలు కట్టాను. ఎలా కట్టానో చెప్తాను, తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, ఇప్పటికే ఇంట్లో అందరూ తిట్టారు.

మా పిన్ని కూతురు గుంటూరులో ఇంటర్ చదువుతోంది. దాని రికార్డు పుస్తకాల వెనక పేజీల నిండా వింత బొమ్మలుంటాయి, పొడుగు ముక్కు పక్షి మొహంతో మనుషులు, నల్లటి ఒంటి మీద కరిగిపోతున్నట్టుండే తెల్లటి మొహం, ఇంకేవేవో. ఏంటే ఇవి అనడిగితే "కలల గేమ్‌లో జీవులక్కా, నీకర్థం కావులే" అంది. పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ ఇద్దామని ఆ రాత్రే ఫోన్‌లో వెతికాను. ఒక ఆన్‌లైన్ పేజీ కనపడింది. యుమె నిక్కి కలెక్టర్స్ ఎడిషన్ అట, అందులో గేమ్ ఉన్న పెన్‌డ్రైవ్, ఉబోవా బొమ్మ, స్టిక్కర్లు, "జీవుల అసలు అర్థాలు" అని 40 పేజీల పుస్తకం. కింద "8 ఏళ్లు పైబడిన పిల్లలకు" అని కూడా రాసుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

క్యాష్ ఆన్ డెలివరీ లేదన్నాడు. స్టాక్ రెండే ఉందన్నాడు. యూపీఐలో పంపేశాను. పుట్టినరోజు వచ్చింది, వెళ్లింది కూడా, పార్సెల్ మాత్రం 19వ రోజున దిగింది.

డబ్బా విప్పగానే ముందు బొమ్మ బయటపడింది. నల్ల గుడ్డ సంచిలో దూది కుక్కి, పైన తెల్ల పెయింట్‌తో కళ్లూ నోరూ పులిమారు. మా అమ్మ దాన్ని చూసి ఎవరో దిష్టిబొమ్మ పంపారనుకుని, "బాగానే ఉందే, గుమ్మానికి కట్టేద్దాం" అంది. నవ్వొచ్చింది కానీ అప్పుడే కడుపులో ఏదో తేడా కొట్టింది.

పెన్‌డ్రైవ్ పెట్టగానే లాప్‌టాప్‌లో యాంటీవైరస్ మొత్తుకుంది. సెల్లర్‌కి మెసేజ్ పెడితే "పాత గేమ్ మేడం, అలాగే అంటుంది, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి" అన్నాడు. బుద్ధి గడ్డి తిని ఆపేశాను. నేను చేసిన అన్ని తప్పుల్లోకీ ఇదే పెద్దది, డబ్బులు కట్టడం కంటే పెద్దది. ఆ రాత్రి ఒంటిగంటకి నా మెయిల్‌లోకి ఎవరో లాగిన్ అవ్వడానికి చూస్తున్నారని అలర్ట్ వచ్చింది, పొద్దున లేచేసరికి బ్రౌజర్‌లో నేను పెట్టని ఎక్స్‌టెన్షన్ ఒకటి కూర్చునుంది. పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకుని, లాప్‌టాప్ ఫార్మాట్ చేయించుకునేసరికి నాలుగు రోజులు టెన్షన్‌తోనే గడిచాయి.

గేమ్ తెరుచుకుంది కానీ అక్షరాల చోట ప్రశ్న గుర్తులూ డబ్బాలూ తప్ప ఏమీ లేవు. మళ్లీ మెసేజ్ పెట్టాను. వాడిచ్చిన జవాబు ఇప్పటికీ మర్చిపోలేను: "అది కలల భాష మేడం, అలాగే ఉంటుంది." నమ్మాను! తర్వాత తెలిసింది, ఈ గేమ్‌ని ఆర్‌పీజీ మేకర్ 2003 అనే జపాన్ సాఫ్ట్‌వేర్‌లో చేశారట, పాత ఫైళ్లని మన కంప్యూటర్‌లో నేరుగా నడిపితే, విండోస్‌లో జపనీస్ సెట్టింగ్ పెట్టకపోతే, అక్షరాలు అలా చెడిపోయి కనపడతాయి. అంటే వాడు ఎక్కడిదో పాత ఫ్రీ కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పడేశాడు, అంతే.

ఇక చెల్లెలికి వీడియో కాల్ చేసి చూపించాను. రెండు సెకన్లు చూసింది. "అక్కా, అది ఫ్రీ కదా. డబ్బులు కట్టావా?" అంది. ఆ తర్వాత అది నవ్విన నవ్వు గురించి రాయను.

అదే నాకు స్టీమ్‌లో అసలు గేమ్ దింపించింది, అందులో ఇంగ్లిష్ ఉంది, అక్షరాలన్నీ చక్కగా ఉన్నాయి. పక్కనే యుమె నిక్కి డ్రీమ్ డైరీ అని ఇంకొకటి కనపడుతుంది, అది 2018 ఫిబ్రవరిలో వచ్చిన త్రీడీ గేమ్, దానికి డబ్బులు కట్టాలి. రెండూ వేరు వేరు, అమ్మేవాళ్లు ఈ గందరగోళాన్నే వాడుకుంటారు. "పెయిడ్ గేమే మేడం, స్టీమ్‌లో చూడండి" అని దాని ధర స్క్రీన్‌షాట్ చూపిస్తారు, మీ చేతిలో పెట్టేది మాత్రం పాత ఫ్రీ గేమ్.

పంతం కొద్దీ తర్వాత రెండు వారాలు నేనే ఆడాను. అప్పుడు గానీ వాడు నాకు ఎన్ని అబద్ధాలు అమ్మాడో తెలియలేదు.

గేమ్‌లో మదొత్సుకి అనే అమ్మాయి ఉంటుంది. గది దాటి బయటికి వెళ్లదు, తలుపు దగ్గరికి తీసుకెళ్తే తల అడ్డంగా ఊపుతుంది. మంచం మీద పడుకోబెడితే కల మొదలవుతుంది, కలలో అదే తలుపు తెరుచుకుని 12 తలుపులున్న చోటికి చేరుస్తుంది, ఒక్కో తలుపు వెనక ఒక్కో లోకం. ఫైటింగ్ లేదు, లెవెల్స్ లేవు, మాటలు దాదాపు లేవు. తిరగడం, తిరుగుతూ 24 ఎఫెక్టులు (మదొత్సుకి రూపాన్ని మార్చేవో, చేతికొచ్చే వస్తువులో) పోగు చేసుకోవడం, భయమేస్తే బుగ్గ గిల్లుకుని లేవడం. ఇంత ఖాళీగా ఉన్న ఆట నేనెప్పుడూ ఆడలేదు, మొదటి గంట చచ్చేంత బోర్ కొట్టింది, మూడో రోజుకి ఆఫీసులో కూర్చున్నా అదే మ్యూజిక్ చెవుల్లో తిరుగుతోంది.

ఇప్పుడు "ఉబోవా గ్యారంటీ" సంగతి. పోనికో అని జడ వేసుకున్న ఒక అమ్మాయి ఇల్లుంటుంది, ఆమె మనల్ని అసలు పట్టించుకోదు. ఆ గదిలో లైట్ స్విచ్ ఆపిన ప్రతిసారీ 64లో ఒక వంతు అవకాశంతో పోనికో మాయమై ఆ కరిగిన తెల్ల మొహం, అదే ఉబోవా, ప్రత్యక్షమవుతుంది. తాకితే ఎక్కడికో విసిరేస్తుంది, అక్కణ్నుంచి నడిచి బయటపడే దారి ఉండదు, నేనైతే బుగ్గ గిల్లుకుని లేచాను. 64 సార్లు స్విచ్ నొక్కితే ఖాయంగా వస్తుందనుకుంటాం కానీ లెక్క వేస్తే అప్పటికీ కనపడకపోయే అవకాశం 100కి 36 పైనే. మా చెల్లి అయితే మూడో నొక్కుకే చూసి చెయ్యి కొరుక్కుందట. నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

వాడు ఏమన్నాడంటే, పోనికో గదిలో సేవ్ చేసిన ఫైల్ ఇస్తున్నాను, తెరవగానే ఉబోవా ముందు ఉంటారు అని. ఈ గేమ్‌లో కల మధ్యలో సేవ్ చేయడమే కుదరదు! లేచాక మదొత్సుకి గదిలోని బల్ల దగ్గర, డైరీ రాసుకుంటున్నట్టుగా, అక్కడ మాత్రమే సేవ్ అవుతుంది. పది నిమిషాలు ఆడినవాళ్లెవరికైనా తెలిసే సంగతి ఇది. వాడు అమ్మే గేమ్‌ని వాడే ఒక్కసారీ తెరిచి చూడలేదన్నమాట.

ఆ 40 పేజీల పుస్తకం గురించి అయితే ఇంకా మండుతోంది. పెన్‌డ్రైవ్ పోతే పోయింది అనుకుంటాను, ఆ పుస్తకాన్ని మాత్రం వదలలేను. అందులో ప్రతి జీవికీ ఒక అర్థం, పక్కన "సృష్టికర్త ధ్రువీకరించారు" అని ముద్ర. ఉబోవా అంటే చిన్నప్పటి గాయం. పియానో వాయించే మసాదా అంటే మదొత్సుకి స్కూల్ మాస్టారు. మోనోకో అంటే యాక్సిడెంట్‌లో పోయిన చెల్లెలు. పక్షి మనుషులంటే క్లాసులో ఏడిపించిన అమ్మాయిలు. చదువుతుంటే అబ్బో ఇంత లోతా అనిపిస్తుంది, నేను మొదట్లో అండర్‌లైన్ చేసుకుంటూ చదివాను కూడా.

నిజానికి ఈ గేమ్ చేసిన మనిషి కికియామా అనే పేరుతో తప్ప బయటికి తెలియదు. ఆడా మగా, ఎక్కడుంటారు, ఏమీ తెలియదు. ఈ జీవికి ఇదీ అర్థం అని ఆ మనిషి ఎన్నడూ విప్పి చెప్పలేదు. ఇంకా తమాషా ఏంటంటే, ఈ పేర్లలో చాలావరకు గేమ్‌లో లేనే లేవు, ఆడినవాళ్లు పెట్టుకున్నవి. పోనీటెయిల్ ఉంది కాబట్టి పోనికో, నలుపు తెలుపులో ఉంటుంది కాబట్టి మోనోకో, జపాన్ భాషలో తోరి అంటే పక్షి, నింగెన్ అంటే మనిషి కాబట్టి తోరినింగెన్. పేరే పెట్టని సృష్టికర్త అర్థాన్ని ధ్రువీకరించడం ఏమిటి, బారసాల కాకుండానే జాతకం రాసినట్టు!

యాక్సిడెంట్ కథ ఎక్కణ్నుంచి వచ్చిందో ఆడితే తెలుస్తుంది. ఒక చీకటి రోడ్డు మీద శవంలా పడున్న ఆకారం ఉంటుంది, మన దగ్గరేమో ట్రాఫిక్ లైట్ ఎఫెక్ట్ ఉంటుంది, మోనోకో ముందు ఆ లైట్ వాడితే ఆమె ఆకారం భయంకరంగా మారిపోతుంది. ఈ మూడూ కలిపి ఆడినవాళ్లు ఏళ్ల తరబడి కథలల్లుకున్నారు. అల్లుకోవడం బాగుంటుంది, నేనూ చెల్లీ రాత్రి పన్నెండింటి దాకా ఫోన్‌లో ఇదే పని. మసాదా ఓడ కుజగ్రహం మీద ఎందుకు కూలింది, ఆ అడుగున ఉన్న ఒంటికన్ను జీవి ఎవరు, కత్తి తీస్తే మసాదా ఎందుకు బెదిరిపోతాడు (పాపం, పియానో తప్ప ఇంకో గొడవ లేని మనిషి). ఒక్కోసారి అది చెప్పిందే కరెక్టేమో అనిపిస్తుంది, మర్నాడు ఇంకోటి. వీడు ఏం చేశాడంటే, ఆ ఊహల్ని ఎక్కడెక్కడి నుంచో కాపీ కొట్టి, ఊహ అన్న మాట తీసేసి, ముద్ర గుద్ది అమ్మాడు. మోనోయె అనే ఇంకో నలుపు తెలుపు అమ్మాయి పేజీలో పెట్టిన బొమ్మ కూడా మోనోకోదే, అంత జాగ్రత్త!

ఇప్పుడు ఆ "8 ఏళ్లు" దగ్గరికి. చిన్నపిల్లల తల్లిదండ్రులు ఇది తప్పకుండా చదవండి. బొమ్మలు పాతకాలం వీడియో గేమ్‌లా ముద్దుగా కనపడతాయి, నిజమే. కానీ ఇందులో కత్తి ఉంది, కత్తితో చాలామంది జీవుల్ని పొడవచ్చు, రక్తం ఉంది, తెగిన శరీర భాగాలున్నాయి. కోపమొచ్చిన పక్షి మనుషులు వెంటపడి పట్టుకుంటే దారిలేని చోట పడేస్తారు. ముగింపు నేను చెప్పను కానీ ఆత్మహత్య ప్రస్తావన ఉంటుంది, మా చెల్లి లాంటి పెద్దపిల్లతో కూడా దాని గురించి ఒకసారి కూర్చుని మాట్లాడాల్సొచ్చింది. దీన్ని మూడో తరగతి పిల్లాడికి గిఫ్ట్ అని అమ్ముతున్నాడంటే ఏమనాలి.

రిఫండ్ అడిగితే మొదట "పెన్‌డ్రైవ్ ఓపెన్ చేశారు కదా" అన్నాడు, తర్వాత సగం ఇస్తానన్నాడు, ఆ తర్వాత బ్లాక్ చేశాడు. అంతకు ముందు ఒక పని చేశాడు, అది ఇంకా ముఖ్యం. గొడవ వద్దు మేడం, తక్కువకి ఇంకోటి ఇస్తాను అని ఎల్‌ఎస్‌డీ డ్రీమ్ ఎమ్యులేటర్ "ఒరిజినల్ డిస్క్" ఫొటో పంపాడు. అది 1998లో జపాన్‌లో మాత్రమే వచ్చిన ప్లేస్టేషన్ గేమ్, ఒక అమ్మాయి ఏళ్ల తరబడి రాసుకున్న కలల డైరీ ఆధారంగా చేశారు, దాంట్లో కూడా బూడిద రంగు కోటు మనిషి ఒకడు కలలో ఎదురొస్తుంటాడు. అసలు డిస్కులు అరుదు, రేటు ఎక్కువ. మొదటి ప్లేస్టేషన్ డిస్కుల అడుగు భాగం నల్లగా ఉంటుంది. వాడు పంపిన ఫొటోలో అడుగు వెండి రంగులో మెరుస్తోంది, అంటే ఇంట్లో రైట్ చేసిన సీడీ. ఇది కూడా చెల్లే పట్టుకుంది. ఈసారి ముందే అడిగాను లెండి.

1930కి ఫోన్ చేసి సైబర్ కంప్లయింట్ ఇచ్చాను, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేయించాను. యూపీఐ మోసం అయితే ఎంత త్వరగా 1930కి చెప్తే అంత మంచిదట, నేను నెల దాటాక చెప్పాను, అందుకే పెద్దగా ఆశ లేదు. చాట్ మొత్తం, పేమెంట్ స్క్రీన్‌షాట్, డబ్బా మీది లేబుల్ దాచిపెట్టుకోండి, బ్లాక్ చేశాక కొన్ని చోట్ల పాత మెసేజ్‌లు కూడా కనపడవు.

పేజీ పేరు ఇక్కడ రాయడం లేదు, రాసినా లాభం లేదు, పోయిన వారమే పేరు మార్చేశాడు. నిన్న ఇంకో పేరుతో అదే సరుకు కనపడింది, ఈసారి ధర 2,999, బొమ్మతో పాటు "పక్షి మనిషి కీచైన్ ఫ్రీ". ఎలా గుర్తుపట్టానంటే, ఫొటోలన్నీ ఒకే నెమళ్ల దుప్పటి మీద పెట్టి తీశాడు, నాకు పంపిన ఫొటోల్లోనూ అదే దుప్పటి, ఎడమ మూల ఇస్త్రీపెట్టెతో కాలిన మచ్చతో సహా.